మూడు వందల గ్రాముల రాకెట్: ఎవరికి, ఏది, ఎందుకు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ ఊరి టెన్నిస్ క్లబ్‌కైనా వెళ్లి కోర్టు పక్క బెంచీ మీద పెట్టిన రాకెట్లను చేతిలోకి తీసుకుని చూడండి. రంగులు వేరు, కంపెనీలు వేరు. ఫ్రేమ్ మీద సన్నగా అచ్చు వేసిన అంకెలు మాత్రం చాలావాటి మీద ఒక్కలాగే కనిపిస్తాయి: బరువు 300 గ్రాములు, తల వైశాల్యం 100 చదరపు అంగుళాలు, గట్స్ నిలువున 16, అడ్డంగా 19. బాబొలా ప్యూర్ డ్రైవ్, హెడ్ స్పీడ్ ఎంపీ, యోనెక్స్ ఈజోన్ 100, విల్సన్ అల్ట్రా 100, అన్నీ ఈ కొలతల్లోవే. ఇన్ని కంపెనీలు ఇదే కొలత దగ్గర ఎందుకు ఆగాయి? అంకెలు ఒకటే అయినప్పుడు ఒక రాకెట్‌తో మోచేయి హాయిగా ఉండి, ఇంకోదానితో నెల తిరక్కుండానే నొప్పి ఎందుకు మొదలవుతుంది? పదిహేను వేలు, ఇరవై వేలు పెట్టి కొనేవారు అడగాల్సిన ప్రశ్నలివి. దుకాణాల్లో వీటికి సమాధానం అరుదుగా దొరుకుతుంది.

ముందు ఈ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. చెక్క రాకెట్ల కాలంలో తల వైశాల్యం 65 చదరపు అంగుళాలకు అటూ ఇటూ ఉండేది. బరువు 370 నుంచి 400 గ్రాములు. బంతి నడిమధ్యన తగిలితే అద్భుతంగా పోయేది, రెండంగుళాలు పక్కకు తగిలితే రాకెట్ చేతిలో తిరిగిపోయేది. అల్యూమినియం స్కీలతో పేరు తెచ్చుకున్న హోవార్డ్ హెడ్, 1976లో ప్రిన్స్ కంపెనీ ద్వారా 110 చదరపు అంగుళాల రాకెట్ తెచ్చాడు. చూసినవాళ్లు దాన్ని ముసలివాళ్ల ఆటవస్తువు అన్నారు. రెండేళ్లకే, 1978లో, పదహారేళ్ల పామ్ ష్రైవర్ అదే పెద్ద రాకెట్‌తో యూఎస్ ఓపెన్ ఫైనల్‌కు చేరింది. 1983లో యానిక్ నోవా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక పురుషుల్లో ఎవరూ చెక్క రాకెట్‌తో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలేదు. గ్రాఫైట్ రావడంతో తల పెరిగినా ఫ్రేమ్ గట్టిగానే ఉండగలిగింది, బరువూ తగ్గింది.

ఇక ఇవాళ్టి మధ్యరకం రాకెట్‌కు నమూనా 1994లో వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1875 నుంచి గట్స్ తయారు చేస్తూ వచ్చిన బాబొలా, ఆ ఏడాది ప్యూర్ డ్రైవ్‌తో రాకెట్ల రంగంలోకి దిగింది. కార్లోస్ మోయా 1998లో ఫ్రెంచ్ ఓపెన్, ఆండీ రాడిక్ 2003లో, కిమ్ క్లైస్టర్స్ 2005లో యూఎస్ ఓపెన్ గెలిచింది ఈ వరుస రాకెట్లతోనే. మట్టి కోర్టు ఆటగాడికీ, సర్వీసు మీద బతికే ఆటగాడికీ, కోర్టంతా పరిగెత్తే అమ్మాయికీ ఒకే చట్రం సరిపోవడం అందరి కళ్లూ తెరిపించింది. మిగతా కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా అదే కొలతకు వచ్చాయి. మధ్యరకం అంటే అటూ ఇటూ కాని రాజీ సరుకు అని కొందరు చులకనగా మాట్లాడతారు, నేనొప్పుకోను. మూడు దశాబ్దాలపాటు ఆటగాళ్లు కొట్టి చూసి నిగ్గు తేల్చిన కొలత ఇది.

అయితే ఒక చిక్కుంది. ఫ్రేమ్ మీద రాసే 300 గ్రాములు గట్స్ వేయకముందు బరువు. గట్స్ పదహారు గ్రాముల దాకా ఉంటాయి, పైన చుట్టే ఓవర్‌గ్రిప్ మరో ఐదారు గ్రాములు. అంటే కోర్టులో మీరు ఊపేది దాదాపు 320 గ్రాములు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ బరువు ఎక్కడ ఉందన్నది. సుత్తిని పిడి దగ్గర పట్టుకుని ఊపితే ఒక రకం, ఇనుప తల దగ్గర పట్టుకుని ఊపితే ఇంకో రకం. సుత్తి బరువు మారలేదు, చేతికి తెలిసే భారం మారింది. ఈ భారాన్నే రాకెట్ తయారీదారులు స్వింగ్‌వెయిట్ అంటారు. పిడి అడుగు నుంచి పది సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉందనుకుని, దాని చుట్టూ రాకెట్‌ను తిప్పడం ఎంత కష్టమో లెక్కగడతారు. గట్స్ వేసిన మధ్యరకం రాకెట్లలో ఇది సాధారణంగా 310 నుంచి 325 మధ్య ఉంటుంది.

లెక్క సులువే: బరువును, ఇరుసు నుంచి దూరాన్ని రెండుసార్లు వేసి గుణించాలి. మూడు గ్రాముల సీసం పట్టీని రాకెట్ కొన మీద అంటిస్తే స్వింగ్‌వెయిట్ పది పెరుగుతుంది. అదే పట్టీని పిడి మీద మీ చూపుడువేలు ఉండే చోట చుడితే పెరిగేది సున్నాకు దగ్గర. గట్స్ వేయగానే స్వింగ్‌వెయిట్ ముప్పై దాకా పెరిగి, సమతూక బిందువు 32 సెంటీమీటర్ల నుంచి 33కు జరుగుతుంది. దుకాణంలో గట్స్ లేని ఫ్రేమ్‌ను గాలిలో రెండుసార్లు ఊపి, తేలిగ్గా ఉందని బిల్లు కట్టేవాళ్లు ఈ సంగతి గమనించాలి. పైగా ఒకే మోడల్‌లో ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ కొన్ని గ్రాముల తేడా ఉండటం తయారీలో మామూలే. ఒకేలాంటివి రెండు కొనేవారు తూకం వేయించి జత కలుపుకోవాలి.

ఇంత భారం అసలు ఎందుకు? టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలని అంతర్జాతీయ సమాఖ్య నిబంధన. అది గట్స్ మీద నిలిచేది సెకనులో రెండు వందో వంతు, అంటే ఐదు మిల్లీసెకన్ల పాటే. ఆ కొద్ది క్షణంలో రాకెట్ తల వెనక్కి తగ్గకుండా నిలబడటానికి భారమే ఆధారం. 260 గ్రాముల రాకెట్ దుకాణంలో హాయిగా ఉంటుంది. అవతలివాడు గట్టిగా కొట్టిన బంతిని వాలీ చేయబోతే తల వణుకుతుంది, ఆ దెబ్బ మణికట్టు తీసుకుంటుంది. తేలిక రాకెట్ చేతికి మేలన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. పెద్దవాళ్ల ఆటలో అది చాలావరకు తలకిందులు. అలాగని 320 గ్రాముల ఫ్రేమ్ పట్టుకుంటే మొదటి సెట్ బాగుంటుంది, మే నెల ఉక్కలో మూడో సెట్‌కు వచ్చేసరికి బంతిని ఆలస్యంగా అందుకుంటారు, అప్పుడు మోచేయి దెబ్బతింటుంది. ఆట చివరి అరగంటలో కూడా ఆలస్యం లేకుండా ఊపగలిగే భారమే మీ భారం. నెలల తరబడి ఆడే చాలామంది పెద్దలకు అది 285 నుంచి 305 గ్రాముల మధ్యనే దొరుకుతుంది.

బరువు తర్వాత చూడాల్సింది చట్రం బిగువు. దీన్ని ఆర్ఏ అనే అంకెతో చెబుతారు. 60కి లోపుంటే మెత్తన, 67 దాటితే గట్టి. విల్లు వంగి వదిలితే బాణం దూసుకుపోయినట్టు, వంగే చట్రం ఎక్కువ శక్తి ఇస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. వంగిన చట్రం తిరిగి నిటారు అయ్యేలోపే బంతి వెళ్లిపోతుంది, వంగడానికి పట్టిన శక్తి వృథా. అందుకే గట్టి చట్రం బంతిని బలంగా పంపుతుంది, మెత్తనిది ఆ పని మీ చేతికి వదిలిపెడుతుంది. గట్స్ దగ్గర దీనికి పూర్తి విరుద్ధం: వదులుగా ఉన్న గట్స్ లోపలికి అణిగి, తీసుకున్న శక్తిలో దాదాపు అంతా తిరిగి ఇస్తాయి. బిగుతు ఎక్కువైతే బంతే ఎక్కువగా నలుగుతుంది, నలిగిన బంతి శక్తిని మింగేస్తుంది. శక్తి కావాలంటే గట్స్ బిగించాలన్న మాట కోర్టుల్లో వినిపిస్తూనే ఉంటుంది. అది తప్పు.

ఈ కొలబద్దలతో ఒక్కో రాకెట్ దగ్గరికి వద్దాం.

ప్యూర్ డ్రైవ్ బిగువు 70 దగ్గర ఉంటుంది. సర్వీసు పెట్టగానే తేడా తెలుస్తుంది, పొట్టి స్ట్రోక్‌తో కూడా బంతి లోతుకు వెళ్తుంది. పొడవైన, వేగమైన ఊపు ఉన్నవారికి మాత్రం బంతి గీత దాటి పోతూ ఉంటుంది. మోచేయి నొప్పి చరిత్ర ఉన్నవారు దీని జోలికి పోకపోవడం మంచిది. ఈజోన్ 100 కూడా శక్తి ఇచ్చేదే, తగలడం కాస్త మృదువు. యోనెక్స్ రాకెట్లకు ప్రత్యేకమైన చదరపు తల వల్ల పైభాగంలో తగిలిన బంతి కూడా బాగానే వెళ్తుంది. ఎక్కువ సర్వీసులూ ఓవర్‌హెడ్‌లూ ఆడేవారికి ఇది నిజమైన లాభం.

జొకోవిచ్ ప్రచారం చేసే హెడ్ స్పీడ్ ఎంపీ నా లెక్కలో ఈ తరగతి మొత్తానికీ మధ్యబిందువు. బిగువు 60కి కొంచెం పైన, ఫ్రేమ్ మందం పైనుంచి కిందదాకా ఒకటే 23 మిల్లీమీటర్లు. ఫోర్‌హ్యాండ్, స్లైస్, వాలీ దేనిలోనూ అన్నింటికన్నా ముందు నిలవదు, దేనిలోనూ వెనకబడదు. బహుముఖం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

విల్సన్ క్లాష్ 100 సంగతి వేరు. 2019లో వచ్చిన ఈ 295 గ్రాముల రాకెట్ బిగువు 55 దగ్గర. ఇంత మెత్తగా ఉన్నా ఈ చట్రం బంతిని నియంత్రణలో ఉంచుతుంది. మోచేయి నొప్పితో ఆట మానేయాలనుకుంటున్న నలభై, యాభై ఏళ్లవారికి మొదట చేతికి ఇవ్వాల్సింది ఇదే. బంతి తగిలిన కబురు చేతికి సరిగా అందదని కొందరు అంటారు, ఆ మాటలో నిజముంది.

98 చదరపు అంగుళాల తల ఉన్నవి ఇంకో గుంపు: విల్సన్ బ్లేడ్ 98, హెడ్ రాడికల్ ఎంపీ, ఇగా స్వియాతెక్ పేరుతో టెక్నిఫైబర్ తెచ్చిన 298 గ్రాముల టెంపో, అల్కరాజ్ వాడే వరుసలోని 305 గ్రాముల ప్యూర్ ఏరో 98. రెండు చదరపు అంగుళాలే కదా అనిపిస్తుంది. పక్కకు తగిలిన బంతుల్లో ఆ తేడా ప్రతి గేమ్‌లోనూ బయటపడుతుంది. రోజూ ఆడుతూ, బంతిని ముందుగా అందుకోగలిగేవారికి ఇవి గొప్ప ఆయుధాలు. వారానికి రెండు రోజులు ఆడేవారు 100తో ఉంటే సుఖపడతారు. గట్స్ వరుస విషయంలో కూడా అంతే: 16/19లో గట్స్ కదిలి స్పిన్ పుడుతుంది, 18/20లో బంతి చదునుగా, చెప్పిన చోటికి వెళ్తుంది. సందేహం ఉన్నవారికి 16/19.

మన ఊళ్ల క్లబ్బుల్లో సింగిల్స్ కన్నా డబుల్స్ ఎక్కువ ఆడతారన్నది కూడా ఎంపికలో కలపాలి. 2005లో సొంత ఊరు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచిన సానియా మీర్జా, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది డబుల్స్‌లోనే. డబుల్స్‌లో సర్వీసు, రిటర్న్, నెట్ దగ్గర వాలీ అన్నీ ప్రతి గేమ్‌లో వస్తాయి. ఒక్క ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ కోసమే తయారైన రాకెట్ నెట్ దగ్గర చేతులెత్తేస్తుంది. ముందే మధ్యస్థ బిగువు, 315, 320 మధ్య స్వింగ్‌వెయిట్ అనుకుని వెతికితే డబుల్స్ ఆటగాడు తప్పుదారి పట్టడు.

టీవీలో చూసి కొనేవారికి ఒక మాట. అగ్రశ్రేణి ఆటగాళ్ల చేతిలో రాకెట్ మీ దుకాణంలోది కాదు. పైన కొత్త మోడల్ రంగు ఉంటుంది, లోపల పాత అచ్చు, సీసం పట్టీలు, వాళ్ల చేతి కొలతకు పోసిన పిడి ఉంటాయి. సాంప్రాస్ 85 చదరపు అంగుళాల ప్రో స్టాఫ్‌కు సీసం తగిలించి ఆడాడు. ఫెడరర్ పేరుతో అమ్మిన ఆర్ఎఫ్ 97 గట్స్ లేకుండానే 340 గ్రాములు. అభిమానంతో అది కొన్న క్లబ్ ఆటగాళ్లు చాలామంది తర్వాత తేలికవాటికి మారారు. ఆ ఫెడరర్ కూడా 90 అంగుళాల తల వదిలి 2014లో 97కు వచ్చాడన్నది గుర్తుంచుకోవాలి. అంతటివాడికే పెద్ద తల అవసరమైంది.

ఇప్పుడు గట్టింగ్. రాకెట్‌కు ఇరవై వేలు పెట్టినవారు గట్టింగ్ దగ్గర ఆరువందలు మిగుల్చుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. బంతికి తగిలేది ఫ్రేమ్ కాదు, గట్సే. 1997లో గుస్తావో కుర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలియెస్టర్ గట్స్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రొఫెషనల్ ఆట మొత్తం అటు తిరిగింది. పాలియెస్టర్ గట్స్ జారి వెనక్కి వచ్చి బంతికి గిరగిరా స్పిన్ ఇస్తాయి, నిజమే. ఆ లాభం వేగంగా ఊపే చేతికే అందుతుంది. పైగా పాలియెస్టర్ బిగువు త్వరగా చచ్చిపోతుంది. ప్రొఫెషనల్ మ్యాచ్ మధ్యలోనే రాకెట్ మారుస్తాడు, మనవాళ్లు తెగేదాకా ఆరు నెలలు అదే వాడతారు. గట్టి ఫ్రేమ్, చచ్చిన పాలియెస్టర్, ఆలస్యమైన బ్యాక్‌హ్యాండ్, ఈ మూడూ కలిసిన చోట టెన్నిస్ ఎల్బో కాచుకుని ఉంటుంది.

క్లబ్ ఆటగాళ్లకు మల్టీఫిలమెంట్ గట్స్ ఉత్తమం, డబ్బు తక్కువైతే సింథటిక్ గట్. పశువుల పేగుతో చేసే నేచురల్ గట్ అన్నిటికన్నా హాయి. ఖరీదు ఎక్కువ, తేమ పడదు, విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం దానికి గడ్డుకాలం. బిగుతు విషయంలో ఫ్రేమ్ మీద రాసిన పౌండ్ల పరిధికి నడుమ మొదలుపెట్టండి. ఎక్కువ ఫ్రేముల మీద అది 50, 60ల మధ్య ఉంటుంది. మల్టీఫిలమెంట్ అయితే 53 మంచి ఆరంభం. పాలియెస్టరే కావాలంటే ఇంకో నాలుగైదు పౌండ్లు తగ్గించండి. వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ మార్పించడం పాత ఆనవాయితీ, పాలియెస్టర్ వాడేవారికి అది కూడా చాలదు. గట్స్ మధ్య పెట్టే రబ్బరు డాంపెనర్ మోతను తగ్గిస్తుంది, చేతికి తగిలే కుదుపును తగ్గించదు. దాన్ని నమ్ముకుని మోచేయిని వదిలేయకండి. ఎండాకాలం కారు డిక్కీలో రాకెట్ వదిలేస్తే గట్స్ బిగువు దానంతటదే జారిపోతుంది. కోర్టులో బంతి ఎగిరిపోతుంటే ముందు డిక్కీని అనుమానించండి.

పిడి కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది. రాకెట్‌ను ఫోర్‌హ్యాండ్ పట్టులో పట్టుకుంటే వేళ్ల చివరలకూ అరచేతి దిమ్మకూ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టాలి. పట్టకపోతే పిడి సన్నం, ఖాళీ మిగిలితే లావు. మగవాళ్లలో ఎక్కువమందికి ఎల్2 లేదా ఎల్3, ఆడవాళ్లలో ఎక్కువమందికి ఎల్1 లేదా ఎల్2 కుదురుతుంది. రెండింటి మధ్య సందేహం వస్తే సన్నది తీసుకోండి. ఓవర్‌గ్రిప్‌తో లావు చేయవచ్చు, లావు పిడిని సన్నం చేయడం కష్టం.

బరువుకూ ఇదే సూత్రం. ఈ మధ్యరకంలో రెండు మోడళ్లు ఒకేలా నచ్చి, బరువులో తేడా ఉంటే తేలికదాన్ని ఎంచుకోండి. సీసం పట్టీ చాలా చవక. ఆట పెరిగేకొద్దీ తల పక్కల రెండు గ్రాములు, పిడిలో మరో నాలుగు చేర్చుకుంటూ పోవచ్చు. ఫ్రేమ్‌లో ఉన్న బరువును తీసే మార్గం మాత్రం లేదు. ఎదిగే పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట మరీ అవసరం. 26 అంగుళాల జూనియర్ రాకెట్ నుంచి 27 అంగుళాలకు మారే పన్నెండేళ్ల పిల్లవాడికి నేరుగా 300 గ్రాములు ఇవ్వకండి. ప్యూర్ డ్రైవ్ టీమ్, ఈజోన్ 100ఎల్ వంటి 285 గ్రాముల తమ్ముళ్లు అందుకే ఉన్నాయి, అంతకన్నా తేలికవీ దొరుకుతాయి. అరవై దాటినవారికి కూడా ఆ తమ్ముళ్లే నయం.

కొనేముందు రాకెట్‌తో ఆడి చూడటానికి అవకాశం అడగండి. డెమో ఇచ్చే దుకాణాలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. లేనిచోట క్లబ్‌లో సభ్యులతో ఆడే మార్కర్‌ను అడిగితే ఎవరి దగ్గర ఏ ఫ్రేమ్ ఉందో చెబుతాడు, పది నిమిషాలు ఆడనిమ్మంటే కాదనేవాళ్లు తక్కువ. ఆ పది నిమిషాల్లో ఫోర్‌హ్యాండ్లు కొట్టి సంతోషపడకుండా, పది సర్వీసులు, పది బ్యాక్‌హ్యాండ్ వాలీలు, గట్టి సర్వీసుకు పది రిటర్నులు ఆడండి. లోపం అక్కడ బయటపడుతుంది. ఆన్‌లైన్‌లో సగం ధరకు కొత్త మోడల్ కనిపిస్తే నకిలీ అని అనుమానించండి. నమ్మకమైన చోట దొరికితే ఒక తరం పాత మోడల్ చాలా తక్కువకు వస్తుంది, చాలాసార్లు రంగు, కొత్త సాంకేతిక పేరు తప్ప పెద్ద తేడా ఉండదు. డబ్బు తక్కువగా ఉన్నవారు డెకాత్లాన్ వారి గ్రాఫైట్ ఫ్రేములను చూడొచ్చు. రెండు ముక్కలు అతికించిన అల్యూమినియం రాకెట్ మీద మాత్రం, నేర్చుకునే మొదటి నెలలు దాటాక, రూపాయి కూడా పెట్టకండి.

క్లుప్తంగా చెప్పమంటే నా తీర్పు ఇది: క్లబ్‌లో డబుల్స్ ఆడే ఆరోగ్యవంతుడైన పెద్దవారికి హెడ్ స్పీడ్ ఎంపీ, మల్టీఫిలమెంట్ గట్స్ 53 పౌండ్లలో. సర్వీసు బలం తక్కువగా ఉన్నవారికి ఈజోన్ 100, అవే గట్స్‌తో. మోచేయి ఒక్కసారైనా నొప్పెట్టినవారికి క్లాష్ 100, అది కూడా 51 పౌండ్లకు మించకుండా.